బీడుపడిన చేను

మా వూళ్లో ఎవరి చేనైనా బీడుపడిందంటే ఆ యింటి పరువు పోయినట్టే. మా నాన్నగారి రెండెకరాల మెట్టచేను అలాగే బీడుపడింది. మా చదువులకోసం ఎడ్లను అమ్మేశారు. ఆ తర్వాత కాలు విరిగి ఆయన చేలోకి పోలేకపోయారు. ఇరవయ్యేళ్లలో రేగు, తుమ్మ, వేప వాటంతటవే లేచాయి. పోయేముందు కూడా, "నేలను పాడుచేశానురా!" అని బాధపడ్డారాయన.

మొన్న సంక్రాంతికి వెళితే తమ్ముడన్నాడు:

"అన్నయ్యా, పొక్లెయిన్ తెప్పించి చదును చేయిద్దాం. కౌలుకు అడుగుతున్నారు."

సరేనన్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ని, నేల సంగతి నాకేం తెలుసు?

ఈ మాట కాలేజీలో చెబితే, మా వృక్షశాస్త్రం లెక్చరరుగారు "తొందరపడకండి మాస్టారూ!" అంటూ ఒక కథ చెప్పారు.

లండనుకు ఉత్తరాన రాథమ్‌స్టెడ్ అనేచోట వ్యవసాయ పరిశోధన కేంద్రం వుంది. 1882లో అక్కడివారు బ్రాడ్‌బాక్ అనే పొలంలో సుమారు అరెకరం గోధుమపైరును కోయకుండా వదిలేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి గిడసబారిన గోధుమ మొక్కలు ఏవో కొన్ని మిగిలాయి. ఆపైన అందులో కొంత భాగం అడవైపోయింది. 120 ఏళ్ల లెక్కకట్టి 2003లో ప్రకటించారు. సగటున ఏటా హెక్టారుకు సుమారు 3.4 టన్నుల కర్బనం పోగయిందట. అందులో నేలకు దక్కింది అర టన్ను పైచిలుకు. తక్కినదంతా చెట్లలోనే వుంది.

"అర టన్నేనా?" అన్నాను.

"మరేమనుకున్నారు? రాలిన ఆకునూ, చచ్చిన వేరునూ సూక్ష్మజీవులు తింటాయి. చాలావరకు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోతుంది. మిగిలిన కాస్తా మన్నును అంటిపెట్టుకుంటుంది. దున్నితే గడ్డ పగిలి గాలి తగులుతుంది, దాచుకున్నదీ తరిగిపోతుంది. కూడబెట్టడానికి తరాలు కావాలి, ఖర్చుకు కొద్ది ఏళ్లు చాలు."

అన్ని నేలలూ ఒక్కలా వుండవని కూడా ఆయనే చెప్పారు. అమెరికాలో దక్షిణ కరోలినాలో ఒకప్పటి పత్తిచేలల్లో 1957లో పైన్ చెట్లు నాటారు. కొన్ని దశాబ్దాలకు చూస్తే పైపొరలో కర్బనం పెరిగింది, లోపలి పొరలో తరిగింది!

మళ్లీ వూరెళ్లి, వేపచెట్టు కింద ఒక గుప్పెడు మన్నూ, పక్క దుక్కిచేలో ఒక గుప్పెడూ తీశాను. ఇది నల్లగా పొడిపొడిగా వుంది. అది ఎర్రగా గట్టిగా వుంది. ఇదేమీ పరీక్ష కాదు లెండి. అయినా రెండు చేతులూ తమ్ముడి ముందు చాపాను.

"కర్బనం కౌలిస్తుందా అన్నయ్యా?" అన్నాడు వాడు.

కాదనలేకపోయాను. వాడి కూతురి కాలేజీ ఫీజు నాకు తెలుసు. చివరికి తూర్పు ఎకరం చదును చేసేటట్టూ, పడమటి ఎకరం అలాగే వుంచేటట్టూ ఒప్పుకున్నాం. కౌలు డబ్బులో నా వాటా వాడికే వదిలేశాను.

"నాన్న నేలను పాడుచేయలేదురా!" అన్నాను.

వాడేమీ మాట్లాడలేదు. చేతిలో మన్ను కింద పారబోయకుండా, వేపచెట్టు మొదట్లో మెల్లగా వేశాడు.