నాశిక్‌లో మూడు రోజులు: మిసళ్, ఖానావళ్, ద్రాక్షతోట



వచ్చే జనవరి కుటుంబ యాత్రకు నాశిక్ పెడదామని పోయిన మీటింగులో అనుకున్నాం గదా. త్ర్యంబకేశ్వర్, పంచవటి అంటే ఎవరికీ పేచీ లేదు. వైనరీ అనే మాట రాగానే సగం మంది నవ్విండ్రు, ముగ్గురు లేచి నిలబడ్డరు. మాట అక్కడే ఆగిపోయింది. మేము ఈ ఫిబ్రవరిలో ఇంటిల్లిపాదీ అక్కడ మూడు రోజులు ఉండి వచ్చాం. ఎక్కడ తిన్నాం, ఏం చూశాం, ఇంట్లో ఏ మాట లేచింది, అన్నీ రాస్తున్నాం. పొడుగ్గానే ఉంటుంది, చాయ్ పక్కన పెట్టుకొని చదవండి.

మొత్తం ఎనిమిది మందిమి. మేమిద్దరం, మా పిల్లలిద్దరు, మా చిన్నమ్మ, ఆమె కొడుకు అంటే మా తమ్ముడు, మరదలు, వాళ్ళ పంతొమ్మిదేళ్ళ పిల్లగాడు. సోలాపూర్ నుంచి టెంభుర్ణి, కర్మాళ, నగర్ మీదుగా పోయాం. పొద్దున ఐదింటికి బయలుదేరితే మధ్యలో ఆగి తిని, పిల్లల కోసం నిలబడి, చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

మొదటి పూట తిండి సంగతి చెప్పి తీరాలి. ఫోన్లో చుక్కలు చూసి, అన్నింటికన్నా ఎక్కువ చుక్కలున్న హోటలుకు పోయాం. పేరు రాయం. లైట్లు బాగున్నయి, గోడకు పూలున్నయి, ఫొటోలు దిగే మూల ఒకటుంది. మెనూ పుస్తకం పెండ్లి ఆల్బమ్ అంత ఉంది. చైనీస్, పంజాబీ, సౌత్ ఇండియన్, ఇటాలియన్ అన్నీ ఒకే వంటింట్లో! ముప్పావు గంట కూర్చున్నాక మూడు రకాల పనీర్ వచ్చింది, మూడింటికీ గ్రేవీ ఒక్కటే. చిన్నమ్మ ఒక ముద్ద తిని, "మనింట్ల శేంగచట్నీ, రొట్టె ఉంటె దీనికన్న నయం బిడ్డా" అన్నది. ఆమె సంచిలో శేంగచట్నీ నిజంగానే ఉంది. రాత్రి గదిలో అదే తిన్నాం.

రెండో రోజు నుంచి చుక్కలు చూడటం మానేసి మనుషులను అడిగాం. ఆటో అతన్ని "మంచి హోటల్ ఏది" అని అడగొద్దు, పర్యాటకులను దింపే చోటే చెప్తడు. "నువ్వు పొద్దున ఎక్కడ తిన్నవు?" అని అడగాలి. లాడ్జిలో గదులు ఊడ్చే ఆమెనూ అదే అడిగాం. ఇద్దరూ చెప్పింది మిసళ్ గురించే. పొద్దున ఎనిమిదింటికి బయట స్కూటర్లు నిలబడి, లోపల ఊరివాళ్ళే కూర్చొని, గోడ మీద ఐదారు పదార్థాల పేర్లే ఉంటే, ఇంకేం ఆలోచించకుండా కూర్చోవచ్చు.

నాశిక్ మిసళ్ మనం సోలాపూర్‌లో తినేది కాదు. మొలకల ఉసళ్ ఒక గిన్నెలో, రస్సా వేరే, పాపడ్, పెరుగు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ, పావ్, అన్నీ విడివిడిగా వస్తయి. ఎంత కారం కావాలో అంత రస్సా మనమే పోసుకోవాలి. చాలాచోట్ల రస్సా అడిగినంత పోస్తరు. పక్కనే జిలేబీ కూడా పెడతరు. కారం, జిలేబీ, మళ్ళీ కారం. మా చిన్నోడికి ఇదేదో బాగా నచ్చింది. గంగాపూర్ రోడ్డు దిక్కు సాధనాలో కట్టెల పొయ్యి మీద వండిన చులీవర్చి మిసళ్ తిన్నాం. కట్టెపొగ వాసన రస్సాలో తెలుస్తది. ఒక్కటే జాగ్రత్త, మిసళ్ పొద్దుటి తిండి. బస్సు ఆలస్యం చేసి మధ్యాహ్నం పోతే అడుగు రస్సా తప్ప ఏమీ మిగలదు. మన పెద్దవాళ్ళలో చాలామందికి అల్సర్లు, బీపీలు ఉన్నయి కాబట్టి వాళ్ళకు సాబుదానా వడ, పెరుగు చెప్పండి. మెయిన్ రోడ్డు దగ్గర సాయంతారా వడ బాగుంటుంది. ఇంటికి తేవడానికి కొండాజీ చివడా.

రాత్రికి ఖానావళ్ వెతకండి. నాశిక్‌కు ఖాందేశ్ దగ్గర. వంకాయను నిప్పుల మీద కాల్చి చేసే భరీత్, శేవ్ భాజీ, కాళా మసాలా మటన్ దొరుకుతయి. మేము తిన్నది మఖ్మలాబాద్ దిక్కు ఒక చిన్న ఇల్లు లాంటి చోటు. ఆమె భాకరి తడుతుంటే చిన్నమ్మ లేచి పొయ్యి దగ్గరికే పోయింది. ఇద్దరూ మరాఠీలో అరగంట మాట్లాడుకున్నరు, మా తిండి అయిపోయినా వాళ్ళ మాటలు కాలేదు.

ఇక వైనరీ.

ఈ మాట మన చెవులకు ఎట్లా వినిపిస్తదో తెలుసు. మన పూర్వభాగ్‌లో వైన్ షాప్ అంటే విస్కీ, రమ్ము, దేశీ దారు. నిజమైన వైన్ సీసా అక్కడ ఏదో ఒక మూల దుమ్ముపట్టి ఉంటది. తెలంగాణలో మన చుట్టాల ఊళ్ళకు పోయినా బోర్డు మీద "వైన్స్" అనే ఉంటది, అమ్మేది బ్రాందీ. అందుకే మీటింగులో లేచి నిలబడ్డవాళ్ళను తప్పు పట్టం. మా ఇంట్లోనే ఈ మాటకు బరువుంది. చిన్నాయిన పవర్‌లూమ్ కార్ఖానాలో చాదర్లు నేసేవాడు. పగారు రోజు ఇంటికి తొందరగా వచ్చిన జ్ఞాపకం ఎవరికీ లేదు. నలభై ఒకటో ఏట పోయిండు. తర్వాత చిన్నమ్మ రోజుకు వెయ్యి బీడీలు చుట్టి ముగ్గురిని పెంచింది. ఇప్పటికీ ఆమె బొటనవేలు గోరు వంకరగానే ఉంటది.

తమ్ముడు పుణెలో కంపెనీలో పని చేస్తడు. అప్పుడప్పుడు ఒక గ్లాసు తీసుకుంటడని మాకు తెలుసు, మరదలికి తెలుసు. తల్లికి తెలియదని అతను అనుకునేవాడు. వైనరీ చూద్దామన్నది అతనే. మేము వద్దనలేదు, అట్లని చిన్నమ్మకు చెప్పకుండా తీసుకపోనూ లేదు. ముందు రాత్రే చెప్పాం. కాసేపు ఊరకుండి, "ద్రాక్షతోట గదా. వస్త" అన్నది.

పోయింది సులాకు, గంగాపూర్ డ్యామ్ దగ్గర. మంగళవారం కాబట్టి రద్దీ తక్కువ. శని, ఆదివారాలు ముంబయి, పుణె బండ్లతో నిండిపోతదట, సంఘం బస్సుతో ఆ రోజుల్లో అస్సలు పోవద్దు. రాజీవ్ సామంత్ అనే ఆయన 1999లో కంపెనీ పెట్టిండు, 2000లో మొదటి వైన్ వచ్చింది. సులభ అనే తల్లి పేరు మీదనే ఆ పేరు పెట్టిండట. ఇది వినగానే చిన్నమ్మ, "తల్లి పేరు తెచ్చి సీసా మీద పెట్టిండా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మాకు నవ్వు ఆగలేదు.

టూర్ చూపించే అమ్మాయి ఓపికగా చెప్పింది. మన నాన్నజ్ దిక్కు పండే సోనాకా లాంటి తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు. ఇది చిన్నగా, తోలు మందంగా, గింజలతో ఉంటది, తీపి మాత్రం తినే పండుకన్నా ఎక్కువే. ఆ తీపినే ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా మారుస్తది. తెల్ల వైన్‌కు ముందే పండు పిండి రసం మాత్రమే స్టీలు ట్యాంకుల్లో చల్లగా పులియబెడతరు. ఎర్రదానికి తోలుతో సహా పులియనిస్తరు, ఆ రంగు తోలుదే. తర్వాత కొన్నింటిని ఓక్ చెక్క పీపాల్లో నెలల తరబడి ఉంచుతరు. కోత జనవరి నుంచి మార్చి దాకా ఉంటది కాబట్టి మన యాత్ర జనవరి చివర పెట్టుకుంటే పండ్లు వచ్చి పడటం కళ్ళారా చూడొచ్చు.

చిన్నమ్మ అన్నీ విని అడిగిన మొదటి ప్రశ్న, "ఇండ్ల నిషా ఎంత?" వైన్‌లో 12 నుంచి 14 శాతం, విస్కీలో 42.8 శాతం అని ఆ అమ్మాయి చెప్పింది. చిన్నమ్మ తల ఊపింది. "మా ఊర్ల కల్లు తెల్లారి దించితె పొద్దుగూకేటాళ్ళకు పులిసి పారబోసుడే. పోశమ్మకు సాక పోసి మిగిలింది తాగేటోళ్ళు. దీన్ని ఏండ్లు దాస్తరా?" అన్నది. ఆ అమ్మాయికి కల్లు సంగతి కొత్త, ఆమె కూడా నిలబడి విన్నది.

టేస్టింగ్‌కు మనిషికి ఇంత అని డబ్బు కట్టాలి. చిన్న చిన్న కొలతల్లో ఐదారు రకాలు పోస్తరు. ముందు బుడగల వైన్, తర్వాత తెల్లది, గులాబీది, ఎర్రది, చివరికి తియ్యటిది. గ్లాసు కాడ పట్టుకోవాలి, తిప్పి వాసన చూడాలి, ఒక గుక్క. మింగకుండా పక్క పాత్రలో ఉమ్మేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. 21 ఏళ్ళు నిండనోళ్ళకు ఇయ్యరు, అది చట్టమే. మా పిల్లగాడు ముఖం మాడ్చుకొని ద్రాక్షరసం తాగిండు. మా ఇద్దరిలో బండి నడిపేవాళ్ళం ఒక్క చుక్క ముట్టలేదు. మిగిలినవాళ్ళం షెనిన్ బ్లాంక్ అనే తెల్లది రుచి చూశాం. బాగుంది. ఎర్ర షిరాజ్ మాకు ఎక్కలేదు, నోరు పిండినట్టయింది.

తమ్ముడు గ్లాసు తీసుకొని తల్లి వైపు చూసిండు. ఆమె కూడా చూసింది. "నా ముంగట తాగు. ఎనకకు పోయి తాగకు" అన్నది, అంతే. లేచి బయటకు పోయింది. మేము వెనకే పోతే చెట్ల వరసల దగ్గర నిలబడి ఆకులు తిప్పి చూస్తున్నది. తమ్ముడు రెండు రకాలు చూసి మిగిలినవి వదిలేసి వచ్చిండు.

తిరుగు దారిలో వేరే తోట పక్కన ఆడవాళ్ళు గుత్తులు కోస్తుంటే చిన్నమ్మ బండి ఆపించింది. రోజుకు ఎంతిస్తరు, ఎన్ని గంటలు, నీడ ఉందా, పిల్లలను ఎక్కడ పెడతరు, అన్నీ అడిగింది. వాళ్ళ చేతులు చూసింది, తన చేతులు చూపించింది. అది చూశాక మాకు పీపాల గది కంటే ఈ పావుగంటే ఎక్కువ గుర్తుంది. బండి ఎక్కాక చాలా సేపటికి, ఎవరినీ చూడకుండా, "మీ నాయిన గూడ మొదట్ల ఇంతే తాగేటోడు" అన్నది. తమ్ముడు జవాబు చెప్పలేదు. మరదలు చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. లాడ్జి చేరేదాకా పిల్లలు కూడా మాట్లాడలేదు. ఆ తర్వాత తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నరో మేము అడగలేదు.

మూడో రోజు త్ర్యంబకం. చిన్నమ్మ పుట్టింది ధర్మపురి దగ్గర పల్లెలో, అక్కడ గోదావరి అవతలి ఒడ్డు కనబడనంత వెడల్పు చూసి పెరిగింది. ఇక్కడ బ్రహ్మగిరి మీద పుట్టి, కుశావర్త కుండంలో చిన్న మడుగంత నీళ్ళు. నమ్మలేక పూజారిని రెండుసార్లు అడిగింది. ఈ నీళ్ళే గంగాపూర్ డ్యామ్‌లో ఆగి ఆ ద్రాక్షతోటలకు అందుతయి, ఇవే పైఠణ్, శ్రీరాంసాగర్ దాటి ధర్మపురికి, చివరికి యానాం దాకా పోతయి. యానాం సంఘం మిత్రులు ఇది చదువుతుంటే, మీ నదికి ఇక్కడ మోకాలు లోతు కూడా లేదని తెలుసుకోండి!

ఇక యాత్ర గురించి మా అభిప్రాయం. వైనరీని త్ర్యంబకం రోజున కలపొద్దు, దర్శనం చేసుకొని అటు పోవడం చాలామందికి మనసొప్పదు. వేరే రోజు మధ్యాహ్నం పెట్టండి. ఇష్టమున్నవాళ్ళు పోతరు, మిగిలినవాళ్ళకు అదే సమయానికి పంచవటి, కాళారామ్ మందిరం ఉంటయి. 1930లో అంబేడ్కర్ సత్యాగ్రహం చేసిన గుడి అది, పిల్లలకు తప్పక చూపించాలి. టేస్టింగ్ డబ్బు సంఘం నిధి నుంచి ఒక్క రూపాయి కూడా ఇయ్యొద్దు, ఎవరిది వాళ్ళే కట్టుకోవాలి. బస్సు డ్రైవరుకు రుచి చూపించే ఉత్సాహం ఎవరికీ వద్దు. జనవరి 26 డ్రై డే, ఆ తేదీ వదిలేయండి. తాగుడు మానిపించాలని మన సంఘంలో పనిచేస్తున్న అక్కలు ఈ విషయంలో ఏమంటరో ముందు వాళ్ళనే అడగాలి, మా మాట తర్వాత.

గదులు గంగాపూర్ రోడ్డు వైపు తీసుకుంటే మిసళ్‌కు, డ్యామ్‌కు దగ్గర. పెద్దవాళ్ళు ఎక్కువ ఉంటే పంచవటి నయం. చిన్నమ్మ పేరు రాసుకోండి, ఆమె వస్తది. సాధనాకు ఒక్క పూట కాదు రెండు పూటలు పోవాలన్నది, శేంగచట్నీ మాత్రం ఈసారి కూడా సంచిలోనే ఉంటదట.