శూన్యమాసములో బాసర

పండుగనాడు పుణ్యక్షేత్రమునకు బోయివచ్చిన స్త్రీని "ఏమి చూచితివి?" అని యడిగినచో "జనమును చూచితిని" అని చెప్పుట మనలో పరిపాటియైనది. ముందున్నవారి వీపు, చంకలోని బిడ్డ యేడుపు, చెప్పులెక్కడ విడిచితిమో యను బెంగ - ఇవియే యింటికి దెచ్చుకొను ప్రసాదము. ఉదయమున రైలెక్కి రాత్రికి నిల్లు చేరదగిన క్షేత్రమునకు, జనము లేని దినము నెంచుకొని పోవుటలోని లాభమును సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మేము బాసరకు కాపురమునకు వచ్చి పదునాలుగేండ్లయినది. మావారిచ్చట నుపాధ్యాయులు. మేము బడికి పోయినవారము కాము. తండ్రిగారియొద్ద అమరమును, భాగవతమును ఇంటనే చదువుకొంటిమి. మా తల్లిగారు సికిందరాబాదులో మా యన్నగారి యింట నున్నారు. వారికి డెబ్బదియేండ్లు దాటినవి, మోకాళ్లు సహకరింపవు. అన్నగారు పిల్లల సెలవులను బట్టి దసరాకో, ఎవరి బిడ్డకైన అక్షరాభ్యాసమున్నచో వసంతపంచమికో వారిని తీసికొని వచ్చెడివారు. ఆ దినములలో మాయిల్లు సత్రమువలె నుండును. వారు గుడివరుసలో, మేము పొయ్యియొద్ద, సాయంకాలమునకు తిరుగుబండి. మూడేండ్ల క్రిందట బండి యెక్కుచు, "నిన్ను చూసుడే గని నీతోని మాట్లాడింది లేదు బిడ్డా" అనిరి. ఆ మాట మమ్ము చాలదినములు బాధించినది. వారింక నెన్నిమారులు రాగలరు?

అప్పుడు పంచాంగమును ముందిడుకొని కూర్చుంటిమి. మాఘమున వసంతపంచమి, ఆశ్వయుజమున నవరాత్రులు, అందును మూలానక్షత్రదినము, ఆషాఢమున వ్యాసపూర్ణిమ, శ్రావణ కార్తికములు, బడులు తెరచుటకు ముందటి వేసవిదినములు, ఏడాది పొడవున శుక్ర ఆదివారములు - ఇవి మాయూర జనము క్రిక్కిరియు కాలములు. వీనిని తీసివేయగా మిగులునవి యాషాఢ భాద్రపదములలో తక్కిన దినములును, పుష్యమాసమును. ఈ మూడింటిని శూన్యమాసములందురు. పెండ్లిండ్లు, గృహప్రవేశములు లేనందున బండ్లలోను, గుడిలోను చోటుండును.

"శూన్యమాసములో ప్రయాణమేమి?" అని మా అత్తగారు సందేహించిరి. నిషేధము శుభకార్యములకే కాని దేవీదర్శనమునకును, గోదావరీస్నానమునకును గాదని మనవి చేసితిమి. బిడ్డ యక్షరాభ్యాసమునకు మాత్రము ముహూర్తము చూడవలసినదే. స్థలపురాణమును గూడ చదివి వినిపించితిమి. కురుక్షేత్రయుద్ధానంతరము వ్యాసమహర్షి మనశ్శాంతిని గోరి యిచ్చటికి వచ్చి, దినమునకు మూడు పిడికిళ్ల యిసుకను గోదావరినుండి తెచ్చి మువ్వురమ్మలను రూపొందించెనని కదా చెప్పుదురు. ఆయన వెదకినది నిశ్శబ్దము. మనము వెదకునది సందడి. అత్తగారు విని, "అట్లయితే వియ్యపురాలితోని నేను గూడ కూసుంట" అనిరి.

ఆ పుష్యమాసమున నొక బుధవారము మా తల్లిగారు వదినెగారితో వచ్చిరి. సికిందరాబాదునుండి మాయూరికి దాదాపు 200 కిలోమీటర్లు. 1900 ప్రాంతమున నిజాము రాజ్యములో వేసిన మన్మాడు మార్గమిది. నాటి చిన్నపట్టాలు పోయి నేడు పెద్దపట్టాలున్నవి. కామారెడ్డి, నిజామాబాదు, నవీపేట దాటిన పిదప బండి గోదావరి వంతెన నెక్కును, ఆవలియొడ్డే బాసర. పండుగనాటి బండిలో వారికి కిటికీ దొరకలేదు. ఈమారు నదిని కన్నులార చూచితిమని చెప్పిరి.

మధ్యాహ్నము గుడి మూయుటకు ముందే దర్శనమైనది. పసుపు పూసిన జ్ఞానసరస్వతి ముఖమును వారు కోరినంతసేపు చూచిరి. ఎవ్వరును "జరుగుడు" అనలేదు. పిదప నలుగురము ఘట్టముపై కూర్చుండి పెరుగన్నమును, సంక్రాంతి సకినములను తింటిమి. శ్రీరాంసాగరు నీరు వెనుకకు నిలిచియుండుటచే నది నిండుగా నుండెను. అప్పుడు వారు మాకెన్నడును చెప్పని మాట నొకటి చెప్పిరి. మాకు చదువు చెప్పవలెనను తలంపు తండ్రిగారిది కాదట. "నాకు అక్షరం ముక్క రాదు, దీనికన్న చెప్పుమని మీ నాయనతోని వారం దినాలు కొట్లాడిన" అనిరి. ముప్పదియేండ్లకు పైగా తండ్రిగారి దయయనుకొన్న విద్య తల్లిగారి పోరాటమని యా దినమున దెలిసినది. పండుగ సందడిలో నీమాటకు తావెక్కడ?

ఈ పద్ధతి బాసరకే గాదు, ఈ మార్గమున నితరస్థలములకును జెల్లును. మోకాళ్లు బాగున్నవారు నిజామాబాదున దిగి ఖిల్లా గుట్టపై రఘునాథాలయమును చూడవచ్చును. నిజాము కాలమున దాశరథి కృష్ణమాచార్యులవారిని బంధించిన చెరసాల యచ్చటిదే. మేము బాసరనుండి నాందేడునకు బోయివత్తుము. సిక్కుల పదవ గురువైన గోవిందసింహులు 1708లో దేహము చాలించిన చోటది. దసరా, హోళీలు గాని దినమున బోయినచో గురుద్వారమున ప్రశాంతముగా కూర్చుండవచ్చును. అచ్చట నెల్లరకు నుచితభోజనము గలదు. ఆ పూట మనము పొయ్యి వెలిగింపనక్కరలేదు! ఇటలీదేశపు వెనీసు నగరమువారు 2024లో, రద్దీదినములందు ఒక్కదినమునకై వచ్చువారినుండి ప్రవేశరుసుము గైకొనుట మొదలిడిరి. జనసమ్మర్దము వారికిని భారమే కాబోలు.

కొన్ని జాగ్రత్తలు: తిరుగుబండిని ముందు నిశ్చయించుకొని పిదప పోవుబండిని చూడవలెను, వేళలు మారుచుండును గనుక బయలుదేరునాడు మరల విచారింపవలెను. పుష్యమున నీ ప్రాంతపు చలి తీవ్రము. వృద్ధులకు శాలువ మరువరాదు. భాద్రపదమున వరద యున్నచో ఘట్టపు మెట్లు దిగరాదు. పురుషులకు సెలవు లేదని యాగనక్కరలేదు. ఇద్దరు ముగ్గురు స్త్రీలు కలిసిన చాలును.

పండుగలు మానుడని మేమనము. అవి యూరివి, వంశమువి. కాని తల్లితోనో తోబుట్టువుతోనో మాటాడవలసినది మిగిలియున్న సోదరి, పంచాంగమున ముహూర్తములు లేని పుటలను గూడ నొకసారి త్రిప్పిచూచుగాక.