నవ్వించేవాడు నిటారుగా నిలవాలి

నవ్వు అంతా మాటలోనే ఉందని మనలో చాలమంది అభిప్రాయం. అది సగమే నిజం. మన తోలుబొమ్మలాటలోని కేతిగాణ్ణి తలచుకోండి. తోలు ముఖం కదలదు, కన్ను ఆర్పదు. అయినా మెడ ఒకసారి వంచి, చేయి ఒకసారి విసరగానే పిల్లలు పకపక నవ్వుతారు. ముందు వచ్చేది ఒళ్లు. మాట దాని వెనుక వస్తుంది.

ఈనాడు స్టాండప్ కామెడీ అనే పేరుతో, వేషమూ, హార్మోనియమూ, తోడు పాత్రా లేకుండ ఒక్కరే మైకు పట్టుకొని నవ్వించే విద్య ప్రబలింది. మన చాళ్లలోని కుర్రవాళ్లు కూడ గణపతి పందిళ్లలో ప్రయత్నిస్తున్నారు. సంతోషమే. జోకులు బాగుంటాయి. కాని మైకు ముందుకు వచ్చేసరికి భుజాలు ముడుచుకుంటాయి, చూపు కాళ్లమీద పడుతుంది. మావంటి గుమాస్తాలకు ఆ వాలకం బాగా తెలుసు. పెద్ద ఆఫీసరు గదిలో ఫైలు పట్టుకొని నిలబడే తీరు అది!

ఈ ముడుచుకొనడం ఎక్కడిదో ఆలోచించాలి. నిజాం రాజ్యంనుంచి వచ్చి ఈ మహానగరంలో కట్టడాల పని చేసిన కామాటీల పేరే మన కామాటిపురాకు వచ్చింది. తరువాత లోకం ఆ పేరుకు వేరొక అర్థం అంటగట్టింది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు చిరునామా దగ్గర మన పిల్లల కలం ఆగుతుంది. నోట చెప్పని సిగ్గు భుజాలలో దాగుతుంది. వేదిక దానిని బయటపెడుతుంది.

జానీ లీవర్ సంగతి చూడండి. 1957లో పుట్టిన కనిగిరివాడు, అసలు పేరు జానుమల జాన్ ప్రకాశరావు. ధారావిలో పెరిగి, ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలో ఏడవ తరగతితో చదువు ఆపి, సినిమా నటులను అనుకరిస్తూ, పాటలకు ఆడుతూ వీధుల్లో పెన్నులు అమ్మాడు. దారిన పోయేవాడి కంటికి ముందు ఏదో కనబడాలి. అప్పుడు గాని కాలు ఆగదు, చెవి వినదు. తరువాత హిందుస్తాన్ లీవర్ కర్మాగారంలో తండ్రితో పాటు కూలిపని చేస్తూ, కంపెనీ వేడుకలో పై అధికారులను అనుకరించి చూపాడు. తోటి కార్మికులే జానీ లీవర్ అని పేరు పెట్టారు. 1981లో ఫ్యాక్టరీ విడిచినా ఆ పేరు విడవలేదు. చెమటోడ్చిన చోటును దాచుకొనలేదు, పేరులోనే పెట్టుకొన్నాడు.

ఇక కుర్రవాళ్లకు మాకు తోచిన నాలుగు మాటలు. వేదికమీదికి రాగానే పాదాలు రెండూ ఆనించి, ఒక ఊపిరి తీసి, చివరి వరుస దాక చూచి, అప్పుడు నోరు విప్పండి. ఊరక అటూ ఇటూ తిరగవద్దు. ప్రతి కదలికకూ పని ఉండాలి. పాత్రకు ఒక్క గుర్తు చాలు: కుళాయి దగ్గరి అవ్వకు నడుముమీద చేయి, లెక్కల మాస్టారుకు ముక్కుమీదికి జారిన కళ్లజోడు. జనం నవ్వుతున్నప్పుడు కదలక ఆగండి. నవ్వుమీద మాట వేస్తే రెండూ పోతాయి.

సాధనకు అద్దాల గది అక్కరలేదు. పదడుగుల ఖోలీలోనే, నోరు మెదపకుండ పక్కింటివారిని నటించి చూపండి. అదెవరో మీ అమ్మగారు చెప్పగలిగితే పాఠం వచ్చినట్లే. అయితే కుంటివానిని, నత్తివానిని వెక్కిరించి నవ్వు తేవడం విద్య అనిపించుకోదు. వంగిన నడుమును ఇంకా వంచడం మన చాళ్లవాళ్లకు తగదు.

ఈసారి పందిట్లో మైకు అందగానే మొట్టమొదట మీ గల్లీ నంబరు గట్టిగా చెప్పండి. తల ఎత్తి ఆ ఒక్క మాట చెప్పగలిగితే భుజాలు వాటంతటవే తెరుచుకుంటాయి. చప్పట్లకు మేము ముందు వరుసలోనే ఉంటాము.