సంకెళ్లు వేసుకున్న చేతులే

చెరసాలలో మద్యం దొరకదు కనుక మనిషి బాగుపడినట్లేనని చాలామంది భావిస్తారు. సీసా అందని చోట తాగకపోవటం గోడల గొప్పతనం. అందుబాటులో ఉన్నా చెయ్యి చాపకపోవటం తౌబా ఫలం. ఈ రెంటికీ మధ్య ఎంతో దూరముంది.

ఈ తేడాను మేము మదరసాలో అబూ మిహ్‌జన్ సఖఫీ (రజి) వృత్తాంతంతో వివరిస్తుంటాము. ఆయన సఖీఫ్ తెగకు చెందిన కవి, మహాసాహసి. కాని మద్యవ్యసనాన్ని విడువలేకపోయారు. పలుమార్లు కొరడా దెబ్బలు తిన్నా మారలేదని చరిత్రకారులు రాశారు. క్రీ.శ. 636 ప్రాంతంలో జరిగిన ఖాదిసియా యుద్ధ సమయంలో సేనాని హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆయన్ను సంకెళ్లతో నిర్బంధించారు. వెలుపల యుద్ధఘోష వింటూ తాళలేక, ఆయన సాద్ గారి సతీమణిని వేడుకున్నారు: తనను విడిచిపెడితే, ప్రాణాలతో మిగిలితే తిరిగివచ్చి తన సంకెళ్లు తానే వేసుకుంటానని. ఆమె ఆ మాట నమ్మారు. సాద్ గారి గుర్రం బల్ఖాను ఎక్కి ఆయన వీరోచితంగా పోరాడారు. ఇచ్చిన మాట ప్రకారం మరలివచ్చి, తన చేతులతోనే సంకెళ్లు తగిలించుకున్నారు. సంగతి తెలిసిన సాద్ (రజి), మద్యం విషయంలో ఇకపై శిక్షించబోనని ఆయన్ను విడుదల చేశారు. ఇక ఎన్నడూ తాగనని అబూ మిహ్‌జన్ ప్రతిన పూనారు. దెబ్బలు మాన్పించలేనిదాన్ని నమ్మకం మాన్పించింది.

తాగి చేసిన నేరానికి శిక్ష అనుభవించి విడుదలవుతున్న కొడుకును ఇంట్లోకి రానివ్వాలా వద్దా అని ఇటీవల ఒక తల్లి మమ్మల్ని అడిగారు. రానివ్వమనే చెప్పాము. అయితే నమ్మకమంటే కళ్లు మూసుకోవటం కాదు. సాద్ గారి సతీమణి సైతం మాట తీసుకున్నాకే సంకెళ్లు విప్పారు. పాత స్నేహాలకు దూరంగా ఉంచాలి, పని చూపాలి, వైద్యుని వద్దకు తీసుకెళ్లాలి. గతాన్ని ఎత్తిపొడవరాదు.

మరొక ముఖ్య విషయం. రోజూ అధికంగా తాగేవారికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే తొలి రోజుల్లో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలగవచ్చు, ప్రాణాపాయమూ సంభవించవచ్చు. కనుక ఇంటివారు జైలుపాలైన వెంటనే ఆ అలవాటు సంగతి జైలు వైద్యునికి తెలియజేయాలి. పరువు కోసం దాచితే ప్రాణమే పోవచ్చు.

శిక్షాకాలాన్ని న్యాయస్థానం నిర్ణయిస్తుంది. ఆ తర్వాత కూడా మనిషిని దోషిగానే నిలబెట్టే అధికారం మనకెవ్వరికీ లేదు. పశ్చాత్తాపపడేవారికి అల్లాహ్ తెరిచి ఉంచిన తలుపును మనం మూయకుందుము గాక. ఆమీన్.