దూరాన్నుంచి రావలసిన చుట్టాలు

పెళ్ళి తలపెట్టగానే చీరలు, నగలు, వంటవాళ్ళు, పందిరి అంటూ పరుగులు పెడతాం. దూరాన్నుంచి రావలసిన చుట్టాల సంగతి మాత్రం "శుభలేఖ పంపాంగా, వాళ్ళే వస్తారు" అని వదిలేస్తాం. 2025 మాఘమాసంలో అమలాపురంలో మా అమ్మాయి పెళ్ళి చేశాం. ఖరగ్‌పూర్, భిలాయ్, బెంగుళూరుల నుంచి ఇరవైమంది దాకా రావాలి. వాళ్ళ ప్రయాణాల బాధ్యత నేను నెత్తినేసుకుంటే "ఉన్న పనులు చాలక నీకెందుకీ గొడవ" అన్నారు మావారు.

మా ఊరికి రైలు లేదు. రాజమండ్రిలో దిగి రావులపాలెం, కొత్తపేట మీదుగా అరవై అయిదు కిలోమీటర్ల దాకా రోడ్డున రావాలి. విశాఖ వైపు నుంచి అయితే కాకినాడ వచ్చి, యానాం దాటి, ఎదుర్లంక వంతెన మీదుగా రావచ్చు. (నేను కాపురానికొచ్చిన కొత్తలో అక్కడ వంతెన కూడా లేదు, పంటు ఎక్కాల్సిందే.) భిలాయ్‌లో పుట్టి పెరిగిన పిల్లలకి ఇవన్నీ ఏం తెలుస్తాయి చెప్పండి? అందుకే ఎక్కడ దిగాలి, ఎవరొస్తారు, ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నీ ఒక కాగితం మీద రాసి శుభలేఖతో పాటే పంపాను.

అసలు చిక్కు ముహూర్తంతో వచ్చింది. బుధవారం రాత్రి 2.40కి పెట్టారు. పంచాంగం లెక్కలో తెల్లవారేదాకా బుధవారమే. రైలు వాళ్ళ లెక్కలో పన్నెండు దాటితే గురువారం. శుభలేఖలో "తెల్లవారితే గురువారం" అని వేయించినా, మా బెంగుళూరు మరిది "గురువారం పొద్దున్నే దిగిపోతాం వదినా" అన్నాడు. "పొద్దున్న దిగితే అప్పగింతలు చూస్తావు నాయనా, బుధవారం మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండాలి" అని చెప్పాల్సొచ్చింది. అర్ధరాత్రి దాటాక ఎక్కే రైళ్ళకీ ఇదే తిరకాసు. అందుకని ఫోనులో తేదీ ఒక్కటే చెప్పకుండా "మంగళవారం భోంచేసి స్టేషనుకి వెళ్ళాలి" అని చెప్పేదాన్ని. అలా అయితే పొరపాటు పడరు.

టిక్కెట్లు నాలుగు నెలల ముందే తీసి పెట్టుకునే రోజులు పోయాయి. 2024 నవంబరు 1 నుంచి అరవై రోజుల ముందు మాత్రమే రిజర్వేషను తెరుస్తున్నారు, అదీ పొద్దున్న ఎనిమిదింటికి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ పూట పొయ్యి కట్టేసి ఫోను పట్టుకు కూర్చోవాల్సిందే. తిరుగు ప్రయాణానికి మళ్ళీ దాని తేదీని బట్టి లెక్క వేసుకోవాలి. ఇంకోటి, ఫోనులో తీసిన వెయిటింగ్ లిస్టు టిక్కెట్టు చివరిదాకా ఖాయం కాకపోతే దానంతటదే రద్దయిపోతుంది. దాంతో రైలెక్కకూడదు. "ఎలాగో ఎక్కేస్తాంలే" అనే వాళ్ళకి ఇది రెండుసార్లు చెప్పాలి.

ఇక మా ఖరగ్‌పూర్ అత్తయ్యగారి సంగతి. మావారి పెద్ద మేనత్త. డెబ్బై ఆరేళ్ళు. మామయ్యగారు అక్కడ చిన్న కిరాణా కొట్టు నడిపేవారు, ఆయన పోయాక ఆవిడ ఎటూ కదలలేదు. ఫోన్ చేస్తే "ఇంత దూరం నేనెక్కడొస్తానే, అక్షింతలు ఇక్కణ్ణించే వేస్తాలే" అన్నారు. ఆ గొంతు వింటే రావాలనే ఉందని తెలుస్తూనే ఉంది. రైలుఖర్చు, ఒంటరి ప్రయాణం, పైగా పసుపూ కుంకాల చోట తానెందుకన్న బెరుకు. టిక్కెట్టు మేం కొంటామంటే చిన్నబుచ్చుకుంటారు. మావారేమో "ఒకరికి కొంటే మిగతావాళ్ళేమనుకుంటారు" అన్నారు. అనుకునేవాళ్ళు అనుకోనీండి అన్నాను.

మా ఇంట్లో అరిసెల పాకం పట్టడంలో ఆవిడకి మించినవాళ్ళు లేరు. నీళ్ళలో చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసి "దించెయ్" అంటారు, అంతే. మళ్ళీ ఫోన్ చేసి "సారె అరిసెలకి పాకం చూసే దిక్కులేదు అత్తయ్యా, మీరు నాలుగు రోజులు ముందే రావాలి, పనికి పిలుస్తున్నాం కాబట్టి టిక్కెట్టు మాదే" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "బియ్యం కొత్తవి కొనకు, పాతవైతేనే బావుంటాయి" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆవిడ టిక్కెట్టు విడిగానే తీశాను. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకీ, అరవై దాటిన మగవాళ్ళకీ కింది బెర్తుల కోటా ఉంది. ఒక్కరికో, అలాంటివాళ్ళు ఇద్దరికో తీస్తేనే అది వర్తిస్తుంది. పిల్లలందరితో కలిపి ఒకే టిక్కెట్టు తీస్తే పోతుంది. వాళ్ళ వీధిలోని తెలుగు కుటుంబం ఒకటి అదే రైల్లో విజయవాడ వస్తుంటే వాళ్ళకి అప్పగించాం. దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు! రాజమండ్రిలో తెల్లవారుజామున దిగితే, డ్రైవరొక్కణ్ణీ పంపకుండా మావారినే పంపాను. తెలిసిన మొహం కనిపించకపోతే పెద్దవాళ్ళు బెదిరిపోతారు.

ఇంటికొచ్చాక వేణ్ణీళ్ళు, కాఫీ, కుర్చీ కమోడు ఉన్న గది ఆవిడకే ఇచ్చాం. మర్నాడే కొంగు బిగించి పొయ్యి దగ్గర పీట వేసుక్కూర్చున్నారు. ముహూర్తం వేళకి వెనక స్తంభం చాటున నిలబడితే, మా అమ్మాయి పీటల మీంచే "నాన్నమ్మా, ముందుకి రా" అని పిలిచింది. ఎవరూ ఏమీ అనలేదు.

వెళ్ళేటప్పుడు దారికి పులిహోర కట్టాను. పెరుగన్నం మాత్రం కట్టకండి, మర్నాటికి పులిసిపోతుంది. ఓ డబ్బాలో అరిసెలు పెడితే "నా చేతివి నాకేనా" అని నవ్వుతూనే సంచీలో సర్దుకున్నారు.