12 మెట్ల వెనుక కథ

2022లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ సాంగ్ మొదట్లో వినిపించే గొంతు ఎవరిదని మిత్రులు నన్ను తెగ అడిగారు. దర్శనం మొగులయ్యగారిదండీ! మా నాగర్‌కర్నూల్ ప్రాంతపు మనిషి. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తీగలు, 12 మెట్లు - ఇదీ ఆయన కిన్నెర. అదే ఏడాది ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది.

అయితే సినిమా చూపించిన రుచి చిటికెడే! పాలమూరు పల్లెల్లో కిన్నెర చెప్పేది పండుగ సాయన్న కథ. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచిన వీరుడు. ఏ హీరోకి తీసిపోతాడు చెప్పండి?

నా బెంగ ఒక్కటే. ట్యూన్‌ని రికార్డు చేసుకోవచ్చు. పాట వెనుక కథ మాత్రం పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రాడుంటేనే బతుకుతుంది. ఆ కుర్రాడు మీలో ఎవరైనా కావచ్చుగా!