పాలకాయతిప్ప ప్రయాణం

పోయిన శనివారం మేం నలుగురు స్నేహితులం మచిలీపట్నం నుంచి కారులో బయలుదేరాం. మోపిదేవి దాటాక పులిగడ్డ అక్విడక్టు కనిపించింది. కింద కృష్ణ పాయ, పైన దివిసీమ పొలాలకు పోయే కాలవ! ఏటిమీద ఏరు పారినట్టుంది.

రాత్రి అవనిగడ్డలో ఉండి, తెల్లవారి కోడూరు, హంసలదీవి దాటి పాలకాయతిప్ప చేరాం. అక్కడ కృష్ణ పాయ సముద్రంలో కలుస్తుంది.

ఒడ్డున ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి అడిగాం.

"అప్పుడు నాకు పదేళ్ళు, బాబూ. నాన్న నన్ను తాడిచెట్టుకు కట్టేశాడు. నేను బతికాను, ఆయన దక్కలేదు," అన్నాడు.

ఆ ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు.

పెద్దాయన దూరాన ఉన్న మడచెట్లు చూపించాడు. పిల్లలూ, వాటి వేళ్ళు ఏరు తెచ్చిన ఒండ్రును పట్టి ఉంచుతాయి, అలల ఉరవడిని తగ్గిస్తాయి.

"అవే మాకు గోడ," అన్నాడాయన.